వెల లేని చదువు, కొండకోనల భాష



కొన్నాళ్ల క్రితం ఒక సాయంకాలం గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి సవర వ్యాకరణ గ్రంథాన్ని కంప్యూటరులో తెరచి కూర్చున్నాను. 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయిన పుస్తకం అది. నేను భాషాప్రవీణ చదువుకొనే రోజులలో దాని పేరు విన్నానే గాని, ప్రతి కంటబడలేదు. ఇప్పుడు కానీ ఖర్చు లేకుండా, ఎవరి సిఫారసూ లేకుండా మా ఇంటి వరండాలోకి వచ్చింది. పుటలు తిప్పుతూండగా ఎంత సంతోషం కలిగిందో, కాసేపటికి అంత దిగులూ కలిగింది. ఏ జాతి కోసం ఆ మహనీయులు దశాబ్దాలు వెచ్చించారో, ఆ జాతి బడిపిల్లవాడు ఈ పుస్తకాన్ని చదవలేడు. అది ఆంగ్లంలో ఉంది. ఆ సంతోషమూ ఈ దిగులూ కలిపి పుట్టినదే ఈ వ్యాసం.

ముందుగా సంతోషం సంగతి. ఇటువంటి పాత పుస్తకాలు మన ఇళ్లకు రావడం వెనుక ఒక తెలుగువారి సంకల్పం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకాలను పుటపుటా ఛాయాచిత్రాలుగా తీయించి లోకానికి ఉచితంగా అందించాలని తలపెట్టిన వారిలో ముఖ్యులు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు అందులో చేరాయి. మన దేశంలో ఆ పనికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. దాని మొదటి జాలస్థలి తరువాత మూతపడింది గాని, అందులోని పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవులో లక్షల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి.

పుస్తకాల వెంటనే పాఠాలూ వచ్చాయి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ తన పాఠాలను అందరికీ ఉచితంగా తెరచిపెడతానని 2001లో ప్రకటించింది. మన ఐఐటీలూ భారతీయ విజ్ఞాన సంస్థా కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. ఆ సంవత్సరం డిసెంబరులోనే తెలుగు వికీపీడియా పుట్టింది. 2017లో కేంద్ర ప్రభుత్వం పైచదువులకు ‘స్వయం’, బడిపిల్లలకూ ఉపాధ్యాయులకూ ‘దీక్ష’ అనే వేదికలను నెలకొల్పింది. గణితం మొదలు చరిత్ర వరకు, రసాయనశాస్త్రం మొదలు న్యాయశాస్త్రం వరకు రూపాయి చెల్లించకుండా నేర్చుకోవచ్చు. ఒక పుస్తకం కోసం పదిమైళ్లు నడిచిన మా తరానికి ఇది కల్పవృక్షమే.

అయితే ఉచిత విద్య అనే తలపు అంతర్జాలంతో పుట్టినది కాదు. మన తూర్పు కనుమలలో దానికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించిన గిడుగువారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. కొండలు దిగి ఊళ్లోకి వచ్చే సవరలను చూసి, వారికి చదువు చెప్పాలని ఆయనకు తోచింది. చదువు చెప్పాలంటే ముందు వారి మాట తనకు రావాలి. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకొని, తానే శిష్యుడై ఆ భాష నేర్చుకొన్నారు. మన్యంలో తిరిగారు, జ్వరాల పాలయ్యారు. సవరలో వాచకాలు రాశారు, కథలూ పాటలూ సేకరించారు. సొంత ఖర్చుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు ఇచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, అది తనకు వద్దనీ, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమనీ కోరారు. ఆయన కుమారులు గిడుగు సీతాపతిగారు కూడా ఆ కృషిని కొనసాగించారు.

వాడుకభాషా ఉద్యమ నాయకుడుగానే మనం గిడుగువారిని ఎక్కువగా తలుచుకుంటాము. నాకు తోచినంతలో ఆ ఉద్యమమూ ఈ సవర బడులూ ఒకే వేరునుంచి మొలిచాయి. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటకూ బడిలో చదివే మాటకూ నడుమ అగడ్త ఉండరాదన్నదే ఆ వేరు. వెల తీసివేయడం ఒక పని, భాష అనే అడ్డు తీసివేయడం మరొక పని. రెండూ చేస్తేగాని చదువు ఉచితం కాదని ఆయన ఆచరించి చూపారు. మన కాలం మొదటి పనిని అద్భుతంగా చేసింది. రెండవది అరకొరగానే మిగిలింది.

ఇది నేను పుస్తకాలలో చదివి తెలుసుకొన్నది కాదు. అరకులోయలో తప్పు చేసి నేర్చుకొన్నాను.

1988లో అక్కడి ఒక గ్రామంలో ప్రాథమికోన్నత పాఠశాలకు తెలుగు పండితుడుగా వెళ్లాను. విశాఖనుంచి కిరండూలు రైలులో సొరంగాలు దాటుకొంటూ, చేతిలో బాలవ్యాకరణంతో దిగాను. ఆరవ తరగతిలో ఒక పిల్లవాడు ఏడాది పొడుగునా నోరు విప్పలేదు. అడిగితే తల వంచేవాడు. పద్యం అప్పజెప్పమంటే కన్నీళ్లు పెట్టుకొనేవాడు. సంవత్సరాంతంలో వాడి పేరుకు ఎదురుగా ‘మందబుద్ధి’ అని నా చేతితో నేనే రాశాను.

ఆ వేసవిలో ఒకనాడు వారపు సంతలో వాణ్ణి చూశాను. అవ్వ తెచ్చిన చింతపండు అమ్మిపెడుతున్నాడు. అవ్వతో కువి మాట్లాడుతున్నాడు. ఎదుటి బేరగాడితో ఆదివాసీ ఒడియాలో ధర తెగ్గొడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, ‘మాస్టారూ, ఇలా కూర్చోండి’ అని తెలుగులో అన్నాడు. మూడు భాషల నడుమ తడబాటు లేకుండా వ్యాపారం చేస్తున్న పిల్లవాణ్ణి నేను మందబుద్ధి అని రాశాను. ఆ సంతలో నిలబడి నేను పడిన సిగ్గు ఇప్పటికీ తీరలేదు.

ఆ లోయ భాషాసంపద ఎంతటిదో అప్పటికి నాకు తెలియదు. కోదులు మాట్లాడే కువి, కొండదొరల కొండ లేక కూబి భాష ద్రావిడ కుటుంబానివి. సంతలో అందరికీ ఉమ్మడి మాటగా నడిచే ఆదివాసీ ఒడియా ఆర్యభాషా కుటుంబానిది. గదబలలో ఒక శాఖవారిది ముండా కుటుంబపు గుతోబు, మరొక శాఖవారిది ద్రావిడభాష. ఒక్క సంతలో మూడు భాషాకుటుంబాలు కలుసుకొంటాయన్నమాట! ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండ భాషకు పాఠాలు, వ్యాకరణం, పదకోశం కూర్చి 1969లో ప్రకటించారు. అయితే అదీ ఆంగ్లంలోనే ఉంది. పండితులకు ఎంత అమూల్యమైనదైనా, బడిపిల్లవాడి చేతికి అందేది కాదు.

ప్రయత్నాలు జరగలేదని అనడం అన్యాయం. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే ఎనిమిది భాషలలో చిన్న తరగతుల పిల్లలకు బోధన మొదలయింది. తెలుగు లిపిలోనే వాచకాలు తయారయ్యాయి. మొదట ఇంటిభాషలో ఆరంభించి క్రమంగా తెలుగులోకి నడిపించే పద్ధతి అది. గిడుగువారి తలపు ప్రభుత్వ పాఠశాలకు చేరిన సందర్భమని నేను ఎంతో సంతోషించాను. అయితే ఆ వాచకాలు మొదటి మెట్లవరకే. పైతరగతుల గణితమూ విజ్ఞానమూ మళ్లీ తెలుగులోనో ఆంగ్లంలోనో ఉంటాయి.

తరువాత 2020 వచ్చింది. కరోనా మూలంగా బడులు మూతబడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు ప్రసారమయ్యాయి, చరవాణులలోకీ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలు ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఆంగ్లంలో ఉండేటట్లు మారింది కూడా ఆ సంవత్సరమే. పుటలోని చిన్న చతురస్రాన్ని చరవాణికి చూపితే దీక్ష వేదికలోని పాఠం తెరుచుకొంటుంది. ఏర్పాటు మంచిదే. కాని కువి మాట్లాడే ఇంట్లో ఆ పుస్తకం విప్పితే, ఎడమ పుటా వారిది కాదు, కుడి పుటా వారిది కాదు.

పదవీ విరమణ తరువాత, 2022 శీతకాలంలో, నేను పనిచేసిన ఊరికి వెళ్లాను. అరకు అప్పటికి విశాఖ జిల్లా నుంచి విడివడి, ఆ ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. నా పాత విద్యార్థిని ఒకామె, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, నన్ను ఇంటికి పిలిచింది. ఊళ్లో సిగ్నలు నిలవదు. ఆమె పెద్దకూతురు మెట్ట ఎక్కి, పాఠాన్ని చరవాణిలోకి దించుకొని తెచ్చింది. మొక్కలు ఆహారం తయారుచేసుకొనే విధానం గురించిన పాఠం. కాస్త వినిపించి ఆపుతుంది, తమ్ముడికి కువిలో చెబుతుంది, మళ్లీ వినిపిస్తుంది. ‘హరితం’ అనే మాట దగ్గర ఆగిపోయి తల్లి వంక చూసింది. తల్లి లేచి, పెరట్లోనుంచి ఒక ఆకు తెచ్చి చేతిలో పెట్టి రెండు మాటలు చెప్పింది. పిల్లవాడు నవ్వాడు, అర్థమయింది.

‘ఇలా చెబితేనే వీడికి ఎక్కుతుంది మాస్టారూ’ అన్నదామె. నేను ఏమీ అనలేకపోయాను. ఆ ఇంట్లో ఆనాడు పాఠం చెప్పినవారు ముగ్గురు: ఎక్కడో పట్టణంలో కూర్చొని పాఠం తయారుచేసిన ఉపాధ్యాయుడు, మెట్ట ఎక్కిన అక్క, ఆకు తెచ్చిన తల్లి. మొదటివాని శ్రమను మాత్రమే మనం ఉచిత విద్య అంటున్నాము. మిగిలిన ఇద్దరి శ్రమ ఏ లెక్కలోనూ లేదు.

ఆ శ్రమను కూడా దాచిపెట్టి పదిమందికి పంచే సాధనాలు ఇప్పుడు ఉన్నాయి. సవర భాషకు 1936లో మంగేయి గోమాంగో సోరాంగ్ సొంపెంగ్ అనే లిపిని కల్పిస్తే, 2012లో అది యూనికోడులో చేరింది. సవరకు జ్ఞాతి అయిన సంతాలీకి 2018లో స్వంత వికీపీడియా ఏర్పడింది. కువికీ కొండకూ గుతోబుకూ లిపి కుదరలేదని ఆగనక్కరలేదు, తెలుగు లిపిలో ఇప్పటికే వాచకాలు వచ్చాయి. ఆ తల్లి చెప్పిన రెండు మాటలను ఆమె అనుమతితో, ఆమె గొంతులోనే పదిలపరచి, పాఠానికి జతచేస్తే చాలు. అది లోయలోని ప్రతి ఇంటికీ చేరుతుంది. ఆ పని బయటి పండితుడు చేయవలసింది కాదు. ఆ భాష మాట్లాడే ఉపాధ్యాయులూ చదువుకొన్న యువతీయువకులూ చేయాలి. గిడుగువారు సవర దగ్గర శిష్యుడైనట్లు, మనబోటివాళ్లం పక్కన కూర్చొని రాసిపెడితే చాలు.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటాము. నేనూ ఎన్నో సభలలో ఉపన్యసించాను. గిడుగు పిడుగు అన్నాను, వ్యావహారికం అన్నాను. సవర భాష ప్రసక్తి మాత్రం ఒక్కనాడూ పూర్తిగా తేలేదు. సంతలో చింతపండు అమ్మిన ఆ పిల్లవాడు ఏడవ తరగతికి రాలేదు. ఎక్కడికి వెళ్లాడో ఎవరూ చెప్పలేకపోయారు. హాజరుపట్టీలో నేను రాసిన ఆ మాటను కొట్టివేయడానికి ఇప్పుడు ఆ పట్టీ కూడా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన్యప్రాంతాలలో పనిచేసిన, పనిచేస్తున్న ఉపాధ్యాయమిత్రులు తమ అనుభవాలు చెబితే ఎంతో సంతోషిస్తాను. పొరపాట్లు దొర్లి ఉంటే పెద్దలు మన్నించి సవరించగలరు.