జడత్వం: నిత్యజీవితంలో గమన నియమాలు

ఆగి ఉన్న బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడిన ప్రయాణికులు వెనక్కి తూలుతారు. డ్రైవరు హఠాత్తుగా బ్రేకు వేస్తే ముందుకు పడబోతారు. ఎవరూ నెట్టకుండానే ఇలా జరగడానికి కారణం జడత్వం. బయటి నుంచి బలం పనిచేయనంత వరకు నిశ్చలంగా ఉన్న వస్తువు నిశ్చలంగానే ఉంటుంది. కదిలే వస్తువు అదే వేగంతో, అదే దిశలో సాగుతుంది. ఈ స్వభావాన్నే జడత్వం అంటారు. ద్రవ్యరాశి పెరిగిన కొద్దీ జడత్వమూ పెరుగుతుంది.

కదిలే వస్తువు దానంతటదే ఆగిపోతుందని పూర్వం భావించేవారు. వాలుతలాలపై గోళాలను దొర్లించి పరిశీలించిన ఇటలీ శాస్త్రవేత్త గెలీలియో, ఘర్షణ లేకపోతే గమనం ఆగదని గ్రహించారు. ఐజాక్ న్యూటన్ 1687లో వెలువరించిన ‘ప్రిన్సిపియా’ గ్రంథంలో దీన్ని మొదటి గమన నియమంగా ప్రతిపాదించారు. దుప్పటి దులిపితే దుమ్ము రాలడం, కరెంటు పోయినా ఫ్యాను కొంతసేపు తిరగడం ఇందుకు ఉదాహరణలు.

వేగాన్ని మార్చడానికి ఎంత బలం కావాలో రెండో నియమం చెబుతుంది. అదే మార్పు తక్కువ వ్యవధిలో జరగాలంటే ఎక్కువ బలం అవసరం. క్రికెట్‌లో ఫీల్డరు క్యాచ్ పట్టేటప్పుడు చేతులను వెనక్కి లాగేది ఆ వ్యవధిని పెంచడానికే.

ప్రతి చర్యకు సమానమైన ప్రతిచర్య వ్యతిరేక దిశలో ఉంటుందన్నది మూడో నియమం. బ్రేకు వేసినప్పుడు చక్రం రోడ్డును ముందుకు నెడుతుంది. రోడ్డు చక్రాన్ని వెనక్కి నెట్టి బండిని ఆపుతుంది. ఇది ఘర్షణ వల్లనే సాధ్యం. అందుకే వానకు తడిసిన రోడ్డుపై బండి మరింత దూరం వెళ్లి గాని ఆగదు. వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది.

గంటకు 54 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 15 మీటర్లు. ఆ వేగంతో వెళ్లే కారు దేన్నో ఢీకొని సెకనులో పదో వంతు కాలంలో ఆగితే, అంతే సమయంలో ఒడిలోని 10 కిలోల పసిబిడ్డను ఆపడానికి 1,500 న్యూటన్ల బలం కావాలి. ఇది దాదాపు 150 కిలోల బరువును ఎత్తి పట్టుకోవడంతో సమానం. తల్లి ఎంత గట్టిగా హత్తుకున్నా బిడ్డ చేతుల్లో నిలవదు. వెనుక సీటులో బెల్టు లేకుండా కూర్చున్నవారు కారు ఆగినా ముందుకు దూసుకుపోతారు. ముందు సీటులోని వారికీ ముప్పు తెస్తారు.

స్వీడన్ ఇంజినీరు నీల్స్ బోలిన్ 1959లో భుజాన్ని, నడుమును కలిపి పట్టి ఉంచే సీటు బెల్టును రూపొందించారు. అది శరీరం ఆగే వ్యవధిని పెంచి, బలాన్ని ఛాతీ, కటి ఎముకలపై పంచుతుంది. భారతదేశంలో కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం కారు వెనుక సీటులో ముందువైపు తిరిగి కూర్చునేవారికీ బెల్టు తప్పనిసరి. 2019 నాటి చట్ట సవరణ ప్రకారం బెల్టు పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా ఉంటుంది. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల భద్రతా సీటు గాని లేకపోయినా ఇదే జరిమానా వర్తిస్తుంది.

దగ్గరి ప్రయాణమే కదా అని బెల్టును పక్కన పెట్టేవారు ఎందరో. అయితే ఢీకొన్న క్షణంలో శరీరంపై పడే బలానికి ప్రయాణ దూరంతో సంబంధం లేదు. అప్పటి వేగం, ఆగడానికి పట్టే సమయమే దాన్ని నిర్ణయిస్తాయి.