పాతిపెట్టిన సొమ్ము: 1904 నాటి జోహానెస్‌బర్గు మహామారి

శార్వరి నామ సంవత్సరపు ఉగాది 2020 మార్చి 25వ తేదీన వచ్చినది. ఆ ఉదయమున మన మొరీషసు ద్వీపములో ఆలయముల తలుపులు భక్తులకు తెఱవబడలేదు. వారము దినములకు ముందు, మార్చి 18న, మొదటి ముగ్గురు కోవిడు రోగుల సంగతి వెల్లడి యయ్యెను. 20వ తేదీ నుండి రాకపోకలు నిలిచిపోయెను. పండుగకు ముందునాడే అంగళ్లు సైతము మూతపడెను. పచ్చడికి బెల్లము సమకూరనివారు ఇంటనున్న చక్కెరతోనే సరిపుచ్చుకొనిరి. అర్చకులు పంచాంగమును దేవుని యెదుట ఒంటరిగా చదువుకొనవలసి వచ్చెను.

ఆ దినములలో మా వీధిలో ఒక చిన్న సంగతి జరిగినది. ఒంటరిగా నివసించు ఒక అవ్వ, ధ్వనివర్ధకముతో వచ్చిన బండిని చూచి బెదరి, కిటికీలు కూడ మూసికొని, రెండు దినములు ఎవరికిని పలుకలేదు. మూడవనాడు పొరుగింటి కుఱ్ఱవాడు గోడ కావల నిలిచి, "అవ్వా, నేనే, బియ్యము తెచ్చితిని" అని పిలిచినంతనే తలుపు తీసెను. బండిలో వచ్చినవారు చెప్పినదియు, ఆ కుఱ్ఱవాడు చెప్పినదియు ఒక్కటే మాట: ఇల్లు కదలవద్దు, చేతులు కడుగుకొనుము. ఎవరి నోట వచ్చినదను దానిలోనే భేదమున్నది. ఆ భేదమును గూర్చిన పాత కథ నొకదానిని చదువరులకు చెప్పదలచితిని. అది మన ద్వీపమున జరిగినది కాదు. మనవలెనే ఓడలెక్కి పోయినవారి నడుమ, దక్షిణాఫ్రికాలో జరిగినది.

ముందుగా ఆ అవ్వ భయమును గూర్చి ఒక మాట చెప్పవలెను. అది వెఱ్ఱి భయము కాదు. 1856 జనవరిలో హైదరీ, ఫతే ముబారక్ అను రెండు ఓడలు కలకత్తా నుండి కూలీలతో వచ్చినప్పుడు, కలరా కారణముగా వారిని గాబ్రియేల్ దీవిపై దింపిరి. సరియైన గూడు లేని ఆ చిన్న దీవిపై వందలకొలది జనులు మరణించిరి. ఆ వార్త తెలిసి భారతదేశపు ప్రభుత్వము మన ద్వీపమునకు వలసలను కొంతకాలము నిలిపివేసెను. పదేండ్లు గడచిన పిదప, 1866 మొదలు 1868 వఱకు, మలేరియా జ్వరము వేలాది మందిని గొనిపోయెను. 1899లో ప్లేగు వచ్చెను. రోగము వచ్చినదన్న దొరతనపువారు వచ్చెదరు, వారు కొనిపోయినవాడు తిరిగి రాడు అను మాట చెఱకు తోటల కాంపులలో తాతల నుండి మనుమలకు దిగినది.

1901 అక్టోబరు చివర నౌషేరా అను ఓడపై ఒక యువ న్యాయవాది పోర్ట్ లూయీ రేవులో దిగి, సుమారు మూడు వారములు మన ద్వీపమున నుండెను. ఆయనయే గాంధీగారు. ఇక చెప్పబోవునది అటుపై మూడేండ్లు నిండకముందే జరిగినది.

జోహానెస్‌బర్గు బంగారు గనుల పట్టణము. నేటాలులో ఒడంబడిక తీరిన కూలీలు కొందఱు అచ్చటికి చేరి, పట్టణపు అంచున "కూలీ లొకేషను" అని పిలువబడు పేటలో నివసించుచుండిరి. ఆ పేరే వారి గౌరవము ఎంతటిదో చెప్పును. 99 ఏండ్ల కౌలుపై నేల తీసికొని అచ్చట ఇండ్లు కట్టుకొనిరి. పురపాలక సంఘమువారు మరుగుదొడ్లను ఏదో విధముగ శుభ్రపఱచుట తప్ప, దారులు గాని దీపములు గాని సరిగా ఏర్పఱచలేదు. పిమ్మట పేట మురికిగా నున్నదని చెప్పి, 1903లో దానిని తామే స్వాధీనపఱచుకొనిరి. అయినను జనులకు వేఱొక చోటు చూపలేదు. నిన్నటి ఇంటి యజమాని నేడు తన యింటనే అద్దెకుండవలసి వచ్చెను. జనము మఱింత ఇరుకై, మురికి మఱింత పెరిగెను. ఇట్లే యుండిన మహామారి వచ్చునని 1904 ఫిబ్రవరిలో గాంధీగారు ఆరోగ్యాధికారికి లేఖలు వ్రాసిరి.

మహామారి వచ్చెను. మొదట తగిలినది లొకేషనులో కాదు, పట్టణమునకు సమీపమున నున్న ఒక బంగారు గనిలో. ఆ గనిలో అధికులు ఆఫ్రికనులు, కొలదిమంది భారతీయులు. ఆ భారతీయులలో 23 మందికి ఒక్కసారిగా ఊపిరితిత్తుల ప్లేగు సోకి, వారు లొకేషనులోని తమ బసలకు తిరిగి వచ్చిరి. అది 1904 మార్చి 18. మన ద్వీపమున కోవిడు బయటపడిన తేదీయు మార్చి 18యే. ఇందులో గూఢార్థ మేమియు లేదు, గుర్తుంచుకొనుటకు తేలిక యని మాత్రము వ్రాసితిని.

ఆ సమయమున లొకేషనులో మదనజిత్ గారుండిరి. ఆయన 1903లో మొదలైన "ఇండియన్ ఒపీనియన్" పత్రికకు చందాదారులను చేర్చుచు తిరుగుచుండిరి. ఆ పత్రిక ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ భాషలలో వెలువడుచుండెను. నేటాలులో తెలుగువారు అనేకులున్నను అందు తెలుగు లేకుండెను. అది వేఱు సంగతి. మదనజిత్ గారు గాంధీగారికి పెన్సిలుతో చీటీ వ్రాసి పంపి, ఎవరి యనుమతి కొఱకును వేచియుండక, ఖాళీగానున్న ఒక యింటి తాళము పగులగొట్టి, రోగులనందఱిని అందు చేర్చిరి. గాంధీగారు సైకిలుపై వచ్చి చూచి, ఏ పరిస్థితిలో ఆ యింటిని తీసికొనవలసి వచ్చెనో తెలుపుచు పట్టణాధికారికి ఉత్తరము వ్రాసిరి. విలియం గాడ్‌ఫ్రీ అను వైద్యుడు వార్త వినగానే పరుగున వచ్చి, వైద్యుడును పరిచారకుడును తానే యయ్యెను.

ఇరువది మువ్వురు రోగులకు ముగ్గురు మనుష్యులు చాలరు. గాంధీగారి కార్యాలయములో నలుగురు యువకులు పనిచేయుచుండిరి. వారిలో కల్యాణదాసు, మాణెక్‌లాలు, గుణవంతరాయ్ దేశాయి గార్ల పేర్లను ఆయన తన ఆత్మకథలో వ్రాసిరి. కల్యాణదాసును తండ్రియే ఆయనకు అప్పగించియుండెను. పరుల బిడ్డలను మృత్యువు నోటికి పంపుట ఎట్లు? ఆయన అడిగిరి, వారు సమ్మతించిరి. రిచ్ అను మఱియొక సహచరుడు తానును వచ్చెదననగా, ఆయనకు పెద్ద సంసార మున్నదని గాంధీగారు వలదనిరి. ఎవరిని పిలువవలెనో, ఎవరిని వలదనవలెనో తెలిసియుండుటయు ఆ సేవలో భాగమే యయ్యెను.

ఆ రాత్రి మందులిచ్చుట, పక్కలు శుభ్రపఱచుట, ధైర్యము చెప్పుట, ఇంతకు మించి వారు చేయగలిగినది లేదు. ప్లేగు క్రిమిని 1894లో హాంకాంగులో యెర్సిన్ కనుగొనియుండెను గాని, దానిని చంపు మందు ఇంకను నాలుగు దశాబ్దములకు గాని రాలేదు. ఈ విధమైన ప్లేగు ఊపిరితోనే వ్యాపించును, మందు లేనిచో దాదాపు అందఱిని చంపును. నేడు తొలి దినముననే మందు పడిన బ్రతికించవచ్చును.

మఱునాడు పురపాలకులు కృతజ్ఞత తెలిపి, ఖాళీగా పడియున్న గిడ్డంగి నొకదానిని ఇచ్చిరి. దానిని కడిగి శుభ్రము చేసినవారు ఈ సేవకులే. మంచములు మొదలైనవి దాతలగు భారతీయులు ఇచ్చిరి. పురపాలకులు ఒక నర్సును, బ్రాందీని, కొన్ని వైద్యసామగ్రులను పంపిరి. రోగులకు మాటిమాటికి బ్రాందీ పట్టవలెనని ఆనాటి ఉత్తరువు. బ్రాందీ వలదన్న ముగ్గురికి, డాక్టరు గాడ్‌ఫ్రీ అనుమతితో, గాంధీగారు తలకును ఱొమ్మునకును తడిమట్టి పట్టీలు వేసిరి. వారిలో ఇద్దఱు బ్రదికిరి. గిడ్డంగిలోని తక్కిన ఇరువదిమంది మరణించిరి. మట్టి వలననే వారు బ్రదికిరని మనము చెప్పరాదు. ఆ ఇద్దఱెట్లు బ్రదికిరో, తామెట్లు రోగము తగులక తప్పించుకొంటిమో చెప్పుట అసాధ్యమని గాంధీగారే తరువాత వ్రాసికొనిరి.

ఆ నర్సు దయగల స్త్రీ. ఆమెకు రోగము సోకునేమో యని సేవకులు ఆమెను రోగులను తాకనిచ్చుట అరుదు. అయినను కొన్ని దినములకు ఆమెకే ప్లేగు తగిలి మరణించెను.

గాంధీగారు ఒక చేత సేవ చేయుచునే, మఱియొక చేత పత్రికకు ఘాటైన లేఖ వ్రాసిరి. పేటను స్వాధీనపఱచుకొని ఉపేక్షించిన పురపాలకులదే ఈ దోషమని అందలి సారాంశము. అదే సమయమున ఆ పురపాలకులకే తోడ్పడుచుండిరి. లొకేషను చుట్టును కాపలా పెట్టి, అనుమతి లేనిదే లోనివారు వెలికి గాని వెలివారు లోనికి గాని పోరాదని కట్టడి చేసిరి. గాంధీగారికిని ఆయన తోడివారికిని మాత్రము అనుమతి పత్రములుండెను. ధనము నీళ్లవలె ఖర్చుచేసినది తెల్లవారి ఆరోగ్యము కొఱకని ఆయన ఎఱుగుదురు. తాను తోడ్పడకున్నచో, బలప్రయోగమునకు సైతము వెనుదీయరనియు ఎఱుగుదురు. ఈ స్థితి సుఖమైనది కాదు. కాపలాదారు తెఱచు గేటులో నుండి నడచిపోవు మనిషిని లోపలివారు "వీడును వారివాడే" యనుకొనుట ఎంత సులభము! అట్లు అనుకొనలేదు. ఎందువలననగా, నష్టపరిహారపు వ్యవహారములలో వారిలో సుమారు 70 మంది పక్షమున వాదించినది ఆయనయే, ఒక్కటి తప్ప అన్నియు గెలిచినదియు ఆయనయే. రోగము రాకముందే వారి యిండ్లలో ఆయనకు ప్రవేశముండెను.

పిమ్మట పురపాలకులు పేటనంతటిని ఖాళీ చేయించి, జనులను పట్టణమునకు సుమారు 13 మైళ్ల దూరమున బయలులో మూడు వారములు గుడారములలో నుంచి, పేటకు నిప్పు పెట్టవలెనని నిశ్చయించిరి. ఇంతటి మాటను ఎవరు చెప్పవలెను, జనులు ఎట్లు కదలవలెను? జనులు అట్టుడికినట్లుడికిరి. ఇల్లు పోవుచున్నదనుట ఒకటి, ఇంటిక్రింద నున్నది మఱియొకటి. అనేకులు తమ కష్టార్జితమును నేలలో పాతిపెట్టియుండిరి. వారికి బ్యాంకు తెలియదు, బ్యాంకునకు వారు తెలియరు. ఆ సొమ్మును త్రవ్వితీసి ఎవరికి అప్పగించవలెను?

గాంధీగారికి అప్పగించిరి. ఆయన కార్యాలయమునకు ధనము ధారగా వచ్చెను. ఆయన తాను నమ్మిన బ్యాంకు మేనేజరుతో మాటాడగా, ఆయన అంగీకరించెను గాని, ప్లేగు పేట నుండి వచ్చిన రాగి, వెండి నాణెములను ముట్టుటకు గుమాస్తాలు వెనుదీసిరి. అందుచే నాణెములనన్నిటిని క్రిమిసంహారక ద్రవములో కడిగి పంపిరి. అట్లు చేరినది దాదాపు 60,000 పౌనులు. వైద్యముచేత ఇద్దఱు బ్రదికిరి. ఈ పనిచేత పేటయంతయు తుపాకి లేకుండ కదలెను. చరిత్రలలో ఆ రాత్రి మేల్కొన్న ధైర్యమునే ఎక్కువగా పొగడుదురు. నాకు మాత్రము నాణెములు కడిగిన పనియే గొప్పదిగా తోచుచున్నది.

ప్రత్యేకమైన రైలులో జనులను క్లిప్‌స్ప్రూట్ పొలమునకు చేర్చిరి. గుడారముల వరుసలు సైన్యపు దండువలె నుండెను. క్రొత్త చోటు చూచి జనులు దిగులుపడిరి గాని, ఒక దినము గడచునప్పటికే పాటలు పాడుకొనసాగిరి. గాలియు వెలుతురును వారి ఆరోగ్యమునకు మేలే చేసెను. ఆహారపు ఖర్చు పురపాలకులు భరించిరి. గాంధీగారు ప్రతిదినము సైకిలుపై పోయి చూచి వచ్చుచుండిరి. ఇంతలో ఆల్బర్టు వెస్టు అను ముద్రాపకుడు, భోజనశాలలో గాంధీగారు కనబడనందున, ఇంటికే వచ్చి తలుపు తట్టి, రోగులకు సేవ చేసెదననెను. రోగుల సంఖ్య తగ్గియుండుటచే, మదనజిత్ గారు విడిచివచ్చిన డర్బను ముద్రణాలయపు భారమును ఆయనకు ఒప్పగించిరి.

పేట ఖాళీయైన మఱునాడే దానికి నిప్పు పెట్టిరి. పట్టణమునకు భయము తీరెను. ఆ కాలిన చోట తరువాత న్యూటౌను అను పేట వెలసెను. క్లిప్‌స్ప్రూట్‌లో ఆఫ్రికనులకు ఏర్పఱచిన నివాసము నేటి సొవెటోకు మొదలయ్యెను. లొకేషనువారికి మాత్రము తిరిగిపోవుటకు ఇల్లు లేదు. వారిలో కొంత సొమ్మున్నవారిచేత గాంధీగారు కాలపరిమితి గల నిక్షేపములు వేయించిరి. అంతకు ముందు మట్టిని తప్ప దేనిని నమ్మని వారు కొందఱు, అది మొదలు తమ సొమ్మును బ్యాంకులోనే దాచుకొనుటకు అలవాటుపడిరి.