సూదిమొన - నొప్పి - నమ్మకము

మాత్రకు లొంగని నొప్పి సూదిమందుకు లొంగునని మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. వైద్యుడు సూది వేయక పంపినచో వైద్యమే జరుగలేదని చిన్నబుచ్చుకొనువారును మనలో కలరు. ఈ నమ్మకమును చూచి మనము నవ్వుకొందుము. కాని నొప్పి తగ్గుటలో చికిత్స పాలెంత, నమ్మకము పాలెంత అను ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. వైద్యశాస్త్రము రెండువందల యేండ్లకు పైగా దీనితో పెనగులాడినది. చీనాదేశపు సూదివైద్యము విషయమున ఆ ప్రశ్న మిక్కిలి పదునెక్కినది.

ఈ వైద్యము చీనాలో రెండువేల యేండ్లనాటిది. శరీరమున 'చీ' అను ప్రాణశక్తి కొన్ని మార్గముల వెంట ప్రవహించుననియు, తగినచోట సన్నని సూది గ్రుచ్చి ఆ ప్రవాహమును సరిదిద్దవచ్చుననియు అచ్చటి ప్రాచీన వైద్యుల భావన. డచ్చి వైద్యుడు విల్లెం టెన్ రైనె జపానులో ఈ పద్ధతిని పరిశీలించి, 1683లో లండనునందు ఒక గ్రంథము ప్రకటించెను. స్వదేశమున మాత్రము దీని ప్రతిష్ఠ ఎల్లకాలము నిలువలేదు. 1822లో డావోగ్వాంగ్ చక్రవర్తి రాజవైద్యశాలనుండి దీనిని తొలగించెను.

నమ్మకమును కొలుచు ఉపాయము మరియొక చోట, మరియొక చికిత్స విషయమున పుట్టినది. ఎలైషా పెర్కిన్స్ అను అమెరికా వైద్యుడు రెండు లోహపు కడ్డీలను చేసి, వానితో ఒంటిని నిమిరినచో నొప్పి పోవునని చాటి, 1796లో పేటెంటు పొందెను. 1799లో ఇంగ్లండునందలి బాత్ నగరమున జాన్ హేగార్త్ అను వైద్యుడు కొయ్యకడ్డీలను చేయించి, లోహమువలె కనబడునట్లు రంగు పూయించి, కీళ్లనొప్పులవారు ఐదుగురిపై ప్రయోగించెను. నలుగురు తమకు సుఖముగా నున్నదనిరి. మరునాడు అసలు కడ్డీలను వాడగా ఫలితము ఇంచుమించు అట్లే యుండెను. అసలు చికిత్స ప్రక్కన ఉత్తుత్తి చికిత్సను నిలిపి పోల్చుట అనెడి ఈ పాఠము నేటికిని వైద్యపరీక్షలకు పునాది. ఆ ఉత్తుత్తి చికిత్సకే నేడు 'ప్లాసీబో' అని పేరు.

1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ పత్రికా రచయిత జేమ్స్ రెస్టన్ చీనాకు వెళ్లి, అచ్చట అపెండిసైటిస్‌తో ఆసుపత్రి పాలయ్యెను. మామూలు మత్తుసూదులతోనే శస్త్రచికిత్స జరిగినది. తరువాత కడుపులో కలిగిన బాధకు మాత్రము వైద్యుడు మోచేతివద్దను, మోకాళ్ల క్రిందను సూదులు గ్రుచ్చగా, గంటలోపల ఉపశమించెనని ఆయన వ్రాసెను. ఆ వ్యాసముతో అమెరికాలో సూదివైద్యముపై ఆసక్తి వెల్లువెత్తినది. సూదులతోనే ఆయన కడుపు కోసిరను అపోహయు దానివెంటనే వ్యాపించెను.

అంతట మెదడువైపు దృష్టి మరలినది. 1975లో స్కాట్లండునందలి ఆబర్డీనులో హ్యూజ్, కోస్టర్లిట్జ్ అను శాస్త్రజ్ఞులు నల్లమందువలె పనిచేయు పదార్థములు మెదడులోనే తయారగుచున్నవని ప్రకటించిరి. నల్లమందు ప్రభావమును అడ్డగించు 'నాలోక్సోన్' అను మందు కలదు. దానిని ఇచ్చినపుడు సూదులవలన కలిగిన ఉపశమనము తగ్గెనని 1977లో ఒక పరిశోధన వెల్లడించెను. మరుసటి యేడు అంతకన్న విచిత్రమైన విషయము తెలిసినది. పన్ను తీయించుకొని, ఉత్తుత్తి మందుతోనే హాయి పొందినవారికి నాలోక్సోన్ ఇవ్వగా వారి నొప్పి హెచ్చెను. నమ్మకము వట్టి భ్రమయే యైనచో, దానిని ఒక మందు ఎట్లు చెరుపగలదు?

మాత్రకు ఉత్తుత్తి మాత్ర చేయుట తేలిక. సూదికి ఉత్తుత్తి సూది చేయుట కష్టము. నాటకములలో పిడిలోనికి జారిపోవు బాకువలె, చర్మమును తాకి లోనికి దిగని మొద్దుసూదిని 1998లో హైడెల్బర్గు వైద్యులు రూపొందించిరి. 2005లో లండను పరిశోధకులు అట్టి సూదితో కీళ్లవాతపు రోగుల మెదడులను పరీక్షించిరి. ఉపశమనమును ఆశించినపుడు రెండు సూదులకును మెదడులోని కొన్ని భాగములు మేల్కొనెను; 'ఇన్సులా' అను భాగము మాత్రము అసలు సూదికే ఎక్కువగా స్పందించెను.

2007లో జర్మనీలో వెలువడిన పరీక్షలో నడుమునొప్పి రోగులు 1,162 మంది పాల్గొనిరి. శాస్త్రోక్తముగా సూదులు గ్రుచ్చినవారిలో నూటికి 47.6 మంది, చెప్పిన స్థానములు కానిచోట పైపైన గ్రుచ్చినవారిలో 44.2 మంది, మందులు, వ్యాయామము మొదలగు వాడుక చికిత్స పొందినవారిలో 27.4 మంది మెరుగైరి. సుమారు 18,000 మంది రోగుల వివరములను 2012లో ఒకచోట చేర్చి చూడగా, ఉత్తుత్తి సూదికన్న అసలు సూదికి ఆధిక్యము కలదు గాని అది స్వల్పమని తేలెను.

కాబట్టి సూదియే సర్వమనుటయు, అంతయు భ్రమయనుటయు రెండును సరికావు. నమ్మకముతో నొప్పి తగ్గినదని చెప్పువాడు అబద్ధమాడుట లేదు. అతని మెదడు నిజముగనే పనిచేసినది. అయితే నొప్పి తగ్గుట వేరు, రోగము పోవుట వేరు. రెస్టన్ కడుపులోని రోగమును తీసినది కత్తి. తరువాతి బాధను చల్లార్చినది సూది. మన యింటిలో ఎవరికైనను నొప్పి వచ్చినపుడు, అది దేనివలన వచ్చినదో ముందు తెలిసికొని, ఉపశమనము మాట తరువాత చూచుకొందము.