రన్‌వే కన్నా పొట్టి దారి

శంషాబాద్‌లో పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో, వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు విమానం వెళ్లే దూరం 2.7 కిలోమీటర్లే. ఆ ప్రయాణమంతా మన రన్‌వే మీద పరిచినా ఇంకా కిలోమీటరున్నర మిగులుతుంది. టైంటేబుల్లో దానికిచ్చిన సమయం రెండు నిమిషాలు. గాలి కలిసొచ్చిన ఒక రోజున 53 సెకన్లలోనే ముగిసిందట. విమానాల టైంటేబుళ్లు వేసే కొలువులో జుట్టు నెరిసినవాణ్ణి. ఇలాంటి సర్వీసు ఎవరు వేశారో, ఎందుకు వేశారో తెలుసుకునేదాకా ఊరుకోలేను.

దానికి పునాది వేసినవాడు కెప్టెన్ టెడ్ ఫ్రెసన్. 1933లో ఆయన హైలాండ్ ఎయిర్‌వేస్ ఇన్వర్‌నెస్ నుంచి ఆర్క్‌నీ ముఖ్యపట్టణం కిర్క్‌వాల్‌కు విమానాలు మొదలుపెట్టింది. మరుసటేడు అదనపు రుసుం లేకుండా తపాలా మోసింది. ఆ ఏడే చిన్న దీవులకూ వెళ్లింది. దిగడానికి చదునైన గడ్డినేల ఉంటే చాలు. తర్వాత యుద్ధం వచ్చింది, అది ముగిశాక విమాన సంస్థల జాతీయీకరణ వచ్చింది. ఈ చిన్న సర్వీసులు వాటి మధ్య నలిగిపోయాయి.

వాటిని మళ్లీ లేవనెత్తిన లోగన్‌ఎయిర్ నిజానికి వంతెనలు కట్టే కంపెనీ ఇంట్లో పుట్టింది. టే నది మీద రోడ్డు వంతెన కట్టిన విల్లీ లోగన్, తన మనుషుల రాకపోకల కోసం 1962లో దాన్ని ఎయిర్ టాక్సీగా పెట్టాడు. 1967లో అదే సంస్థ ఆర్క్‌నీ దీవుల మధ్య సర్వీసులు మొదలుపెట్టింది. బ్రిటెన్-నార్మన్ ఐలాండర్ అనే బుల్లి విమానం సరిగ్గా ఆ రోజుల్లోనే చేతికొచ్చింది: రెండు ఇంజన్లు, ఎనిమిది మంది ప్రయాణికులు, పొట్టి రన్‌వే చాలు. పైలట్ పక్క సీట్లోనూ ఒకరు కూర్చోవచ్చు.

రెండు నిమిషాల కోసం ఎవరూ విమానం వేయలేదన్నది ఇక్కడి కీలకం. కిర్క్‌వాల్ నుంచి ఈ రెండు దీవులు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. అంత దూరం వచ్చిన విమానం ఒక దీవిలో దిగి, పక్క దీవినీ పలకరించి తిరిగి వెళుతుంది. మన పల్లెవెలుగు బస్సు పక్క ఊళ్లోకీ తొంగిచూసి వెళ్లినట్టే. ప్రపంచంలోనే అతి పొట్టి విమాన సర్వీసుగా ఖ్యాతి తెచ్చిన ఆ ముక్క నిజానికి పెద్ద చుట్టులో ఒక మలుపు.

ఇంత పొట్టి దారిలో కిలోమీటర్ల లెక్క పనికిరాదు. ఐలాండర్ గంటకు 240 కిలోమీటర్ల వేగంతో పోయినా ఆ దూరానికి నలభై సెకన్లే. మిగతా సమయాన్ని తేల్చేది గాలి వాలు, ఏ వైపు లేచి ఏ వైపు దిగాలన్నది, నేల మీద మెల్లగా దొర్లడం. అందుకే ఒక రోజు లెక్క మరో రోజుకు సరిపోదు.

పాపా వెస్ట్రేలో ఉండేది వంద లోపు జనం. క్రీ.పూ. 3700 నాటి రాతి ఇళ్లు అక్కడ ఇంకా నిలబడి ఉన్నాయి. ఆ కొద్దిమంది కోసం ప్రభుత్వ సొమ్ము కలిపి నడిపే ఈ విమానంలో టీచర్లు, డాక్టర్లు, ఊరి పెద్దవాళ్లు వెళ్తారు. రికార్డు కోసం ఎక్కేది పర్యాటకులే. టైంటేబుల్ వేసేవాడి లెక్కలో ఆ మలుపు ఖర్చు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు మిగిల్చి చుట్టు తగ్గించాలనుకుంటే ఒక దీవి మొత్తాన్ని పడవకు వదిలెయ్యాలి.