హంటింగ్టన్ బీచ్ హాలిబట్: లూర్ తెచ్చిందా, మొగ తెచ్చిందా?

దక్షిణ కాలిఫోర్నియాలోని మా హంటింగ్టన్ బీచ్ చరిత్ర చెప్పేవాళ్ళు చాలామంది 1914 జూన్‌తో మొదలుపెడతారు. కొత్త కాంక్రీటు పియర్ ప్రారంభోత్సవానికి సర్ఫర్ జార్జ్ ఫ్రీత్ వచ్చి అలల మీద పలకెక్కి నిలబడ్డాడనీ, ఆ రోజు నుంచి ఇది సర్ఫింగ్ ఊరయిందనీ అంటారు. 1920లో భూమిలో నూనె పడిన సంగతికి ఒక పేజీ ఇస్తారు. ఆ తర్వాత ‘సర్ఫ్ సిటీ’ పేరు కోసం శాంటా క్రూజ్‌తో పడిన తగాదా వస్తుంది. 1885లోనే తమ ఊరి ఏటి మొగ దగ్గర హవాయి రాకుమారులు అలల మీద ఆడారని శాంటా క్రూజ్‌వాళ్ళు వాదించారు. 2006లో ట్రేడ్‌మార్కు మాత్రం మన ఊరికొచ్చింది.

అదే 2006 ఆగస్టులో ఇదే ఊళ్ళో అంతకన్నా పెద్ద పని జరిగింది. వార్నర్ అవెన్యూకూ సీపాయింట్‌కూ మధ్య, హైవే కింద నుంచి బోల్సా చీకా చిత్తడిలోకి సముద్రానికి దారి తెరిచారు. 107 ఏళ్ళ తర్వాత అక్కడ మళ్ళీ పోటు నీళ్ళు పారాయి. ట్రేడ్‌మార్కు సంగతి టీషర్టుల మీద కూడా కనిపిస్తుంది. మొగ తెరిచిన సంగతి మాత్రం దాని పైనున్న వంతెన మీద రోజూ కారు నడిపేవాళ్ళలోనే చాలామందికి తెలియదు. ఈ వ్యాసం రాయడానికి ఆ బాధ ఒక కారణం. రెండో కారణం, మన తీరంలో హాలిబట్ గురించి వాడుకలో ఉన్న ఒక మాట.

తెల్లవారుజామున వార్నర్ దగ్గర తడి ఇసుకలో నిలబడి గాలం విసిరే కుర్రాళ్ళు ఆ మాట అంటుంటారు: లక్కీ క్రాఫ్ట్ వాళ్ళ ఫ్లాష్ మినో రాకముందు ఈ బీచ్‌లో హాలిబట్‌ను లూర్‌తో, అంటే బొమ్మ ఎరతో, పట్టినవాడు లేడట. జపాన్ కంపెనీ చేసిన ఆ 110 మిల్లీమీటర్ల బొమ్మ చేపే ఈ వేటకు మూలమట. అది మంచి లూర్, కాదనను. గాలికి ఎదురుగా కూడా దూరం పోతుంది, రెండు మూడు అడుగుల నీళ్ళలోనూ నేలకు తగలకుండా ఈదుతుంది. కానీ మూలపురుషుడి స్థానం దానికివ్వడం చరిత్ర కాదు. మా వీధిలో ఒక వియత్నాం పెద్దాయన ఉన్నారు. వెస్ట్‌మినిస్టర్ నుంచి మకాం మార్చి ఇక్కడికొచ్చారు. ఆయన పెట్టెలో పూత రాలిపోయిన క్రొకడైల్ స్పూన్లు ఇప్పటికీ ఉన్నాయి. ప్లాస్టిక్ మినోలు ఈ ఇసుక మీదికి రాకముందు ఆ లోహపు రేకులతోనే ఆయనా ఆయన స్నేహితులూ హాలిబట్ పట్టేవారు. రేకు బరువుకు దూరం పోతుంది, నెమ్మదిగా లాగితే ఇసుకను రాసుకుంటూ వస్తుంది. ఇది మాకు తెలుసు, ఫ్లాష్ మినో వచ్చాక అందరికీ తెలిసింది అంటారాయన. నాకు తెలిసినంతలో ఇంతకన్నా సరైన మాట ఎవరూ చెప్పలేదు.

ఈ చేప బతుకు చూస్తే లూర్ వాదం ఎందుకు నిలవదో ఇంకా బాగా తెలుస్తుంది. కాలిఫోర్నియా హాలిబట్ మన నాలుక చేపలాగే బల్లపరుపు చేప, కాకపోతే చాలా పెద్దదవుతుంది, నోటి నిండా పళ్ళుంటాయి. గుడ్డు నుంచి వచ్చినప్పుడు మామూలు చేపలాగే అటొక కన్ను ఇటొక కన్నుతో ఈదుతుంది. తర్వాత ఒక కన్ను తల మీదుగా జరిగి రెండోదాని పక్కకు చేరుతుంది. కొన్నిటికి కుడివైపు, కొన్నిటికి ఎడమవైపు. అప్పుడది నేలకు దిగుతుంది. పై వైపు ఇసుక రంగు, కింది వైపు తెలుపు. ఇసుకలో ఒళ్ళు కప్పుకుని కళ్ళు మాత్రం బయటపెట్టి కాచుకుని ఉంటుంది, పైన ఏదైనా ఈదితే ఒక్క ఊపున లేచి పట్టుకుంటుంది. అలలు విరిగే తిన్నెకూ ఒడ్డుకూ మధ్య పొడవాటి పల్లం ఉంటుంది చూడండి, అక్కడే అది కాపు కాస్తుంది. చాలాసార్లు మోకాలి లోతు నీళ్ళే. కొత్తవాళ్ళు ఆ పల్లంలోకి దిగి నడిచి, దూరంగా విసురుతారు, చేప వాళ్ళ కాళ్ళ కిందే ఉంటుంది. అనుభవమున్నవాళ్ళు తడి ఇసుక దాటకుండా నిలబడి, ఒడ్డుకు ఏటవాలుగా విసిరి, పల్లం పొడుగునా లూర్ నడుపుతారు. మార్చి నుంచి ఆగస్టు దాకా పున్నమి, అమావాస్యల తర్వాతి రాత్రుల్లో గ్రనియన్లు గుడ్లు పెట్టడానికి ఇసుక మీదికే వస్తాయి. వాటి వెనకాలే హాలిబట్ ఒడ్డుకు చేరుతుంది. వెండి రంగు బొమ్మ చేప ఆ రోజుల్లో అంత బాగా పనిచేయడానికి కారణం అదే.

ఈ చేప పిల్లతనం ఎక్కడ గడుస్తుంది? పెద్ద అలలు కొట్టే బయటి తీరంలో కాదు. లోపలి అఖాతాల్లో, ఉప్పు చిత్తడుల్లో, వెచ్చటి నిలకడ నీళ్ళలో. అక్కడ కొంత పెరిగాకే బయటి తీరానికి వస్తుంది. కాబట్టి ఒక ఊరి హాలిబట్ చరిత్ర ఆ ఊరి చిత్తడి చరిత్ర కూడా. మన చిత్తడిని 1899లో మూసేశారు. లాస్ ఏంజెలెస్ ధనవంతుల బోల్సా చీకా గన్ క్లబ్బు బాతుల వేట కోసం అడ్డుకట్ట వేసి, గేట్లు పెట్టి పోటు నీటిని ఆపింది. పారే నీళ్ళు లేక సహజమైన మొగ ఇసుకతో పూడిపోయింది. 1940ల నుంచి అక్కడే నూనె బావులు తవ్వారు. ఆ తర్వాత పడవల రేవూ ఇళ్ళూ కట్టాలని పెద్ద పథకం వేశారు. 1976లో పుట్టిన ‘అమిగోస్ డి బోల్సా చీకా’ వాళ్ళూ ఆ తర్వాత వచ్చిన సంఘాలూ దశాబ్దాలపాటు కోర్టుల్లోనూ సభల్లోనూ కొట్లాడకపోతే ఈరోజు వార్నర్ పక్కన కొంగలు కాదు, గరాజ్‌లు కనిపించేవి. 1997లో రాష్ట్రం 880 ఎకరాలు కొన్నది. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవులు కంటైనర్ల కోసం సముద్రాన్ని పూడ్చినందుకు ఇవ్వవలసిన పరిహారం డబ్బు ఇందులో పడింది. మొత్తం పనికి దాదాపు 15 కోట్ల డాలర్లయింది.

చిత్తడి అభిమానుల్లోనూ అతిశయోక్తి చెప్పేవాళ్ళున్నారు. 2006కు ముందు ఈ బీచ్‌లో హాలిబట్టే లేదంటారు. అదీ తప్పే. చట్టం ప్రకారం పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాలంటే చేప 22 అంగుళాలుండాలి, అంత పెరగడానికి ఏళ్ళు పడుతుంది. కొత్త మొగలోంచి లోపలికెళ్ళిన మొదటి పిల్లలు పెరిగి రాకముందే ఇక్కడ పెద్ద చేపలు పడేవి. అటు సీల్ బీచ్ పక్కన అనహైమ్ బే, ఇటు న్యూపోర్ట్ ఎగువ అఖాతం ఎన్నడూ పూర్తిగా మూసుకుపోలేదు. పిల్లలు అక్కడ పెరిగి మన తీరానికీ వచ్చేవి. వచ్చిన వాటిని బతకనిచ్చింది వలల నిషేధం. 1990 నవంబరులో ఓటర్లు ప్రపోజిషన్ 132 నెగ్గించారు. దాని ప్రకారం 1994 నుంచి దక్షిణ కాలిఫోర్నియా ప్రధాన తీరానికి మూడు మైళ్ళలోపు గిల్ వలలు, ట్రామెల్ వలలు ఆగిపోయాయి. ఆ వలల ముఖ్య లక్ష్యాల్లో హాలిబట్ ఒకటి. ఇందులో ఆడ చేపలే బాగా పెద్దవవుతాయి, అంటే పెద్ద కన్ను వల ఎత్తుకుపోయింది ఎక్కువగా తల్లులనే.

నా తీర్పు ఇది. తల్లులను 1994 కాపాడింది. పిల్లలకు 2006 మన ఊళ్ళోనే చోటిచ్చింది. స్పూనూ ఫ్లాష్ మినో మనకు అవి ఎక్కడున్నాయో చూపించాయి, అంతే. ఊరి గౌరవం ఎవరికివ్వాలంటే పియర్ మీద పలకెక్కిన ఫ్రీత్‌కు ఇవ్వండి, అభ్యంతరం లేదు. పక్కనే చిత్తడి కోసం నిలబడ్డవాళ్ళ పేర్లు కూడా అదే అక్షరాలతో ఉండాలి.

ఇప్పుడు అసలు భయం. తెరిచిన మొగ తెరిచినట్టు ఉండదు. ప్రతి పోటుతో సముద్రం లోపలికి ఇసుక తెచ్చి పోస్తుంది. డ్రెడ్జర్ పెట్టి తీయకపోతే పూడుతుంది. తీయడానికి అనుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చవుతోంది, అందుకోసం పక్కన పెట్టిన నిధి చాలడం లేదు. రాయదొరువు దగ్గర పులికాట్ సరస్సు ముఖద్వారం పూడిపోతే అక్కడి జాలర్ల గతి ఏమవుతుందో నెల్లూరు తీరం నుంచి వచ్చినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఆ కథ మళ్ళీ ఇక్కడ జరగకూడదు.

ఇర్వైన్, టస్టిన్, అనహైమ్‌లలో ఉన్న మనవాళ్ళు ఆదివారం ఈ బీచ్‌కే వస్తారు. గాలం వేసేవాళ్ళు లైసెన్సు తీసుకోండి, అది అక్కర్లేనిది పియర్ మీద మాత్రమే, ఇసుక మీద కావాలి. కొత్త మొగ లోపల పోటు నీళ్ళు పారే చిత్తడి భాగంలో చేప పట్టడం నిషేధం, దాన్ని గౌరవించండి. 22 అంగుళాలకు తక్కువైనదాన్ని చేయి తడుపుకుని పట్టుకుని వెంటనే నీళ్ళలో వదిలేయండి. చిత్తడి నేల రాష్ట్రానిది, స్టేట్ ల్యాండ్స్ కమిషన్ చేతిలో ఉంది. మొగ పూడిక తీయడానికి శాశ్వతంగా డబ్బు కేటాయించాలని ఆ కమిషన్‌కూ, మీ ప్రాంత అసెంబ్లీ సభ్యుడికీ ఒక ఉత్తరం రాయండి.