ముహూర్తం చూసుకుని వచ్చిన ఉత్తరం

పెళ్ళి కుదిరిన ఇంటికి ఆకాశరామన్న ఉత్తరం ఎప్పుడొస్తుందో గమనించారా? పెళ్ళిచూపుల నాడు రాదు. శుభలేఖలు పంచేసి, పందిరి వేశాక వస్తుంది. విచారించుకోవడానికి వ్యవధి ఉండకూడదు. అదీ రాసినవాడి ఎత్తు!

ఇంగ్లండు చరిత్రలో అలాంటి ఉత్తరం ఒకటుంది. 1924 జనవరిలో అక్కడ మొట్టమొదటిసారిగా లేబర్ ప్రభుత్వం ఏర్పడింది. ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డు. పొలం కూలీకి, పనిమనిషికి పుట్టిన బిడ్డ. మెజారిటీ లేని ప్రభుత్వం కదా, ఏడాది తిరక్కుండానే మళ్ళీ ఎన్నికలొచ్చాయి. అక్టోబరు 29న పోలింగు. 25న 'డెయిలీ మెయిల్' పత్రిక ఒక ఉత్తరం అచ్చువేసింది. మాస్కో నుంచి జినోవియెవ్ అనే పెద్ద నాయకుడు బ్రిటిష్ కమ్యూనిస్టులకు రాశాడట! సైన్యంలో కూడా తిరుగుబాటు రాజెయ్యమన్నాడట! రష్యాతో ఒప్పందాలు కుదుర్చుకుంటున్న మెక్‌డొనాల్డు మీదికి అందరి చూపూ మళ్ళింది. జినోవియెవ్ ఆ ఉత్తరం తనది కాదు మొర్రో అన్నాడు. ఎవరు వింటారు? కన్సర్వేటివ్‌లు 400 పైచిలుకు సీట్లతో గెలిచారు.

ఇక్కడో చిక్కుంది లెండి. లేబర్‌కి సీట్లు తగ్గినా ఓట్లు సుమారు పది లక్షలు పెరిగాయి. చితికిపోయింది లిబరల్ పార్టీ. ఉత్తరం లేకపోయినా లేబర్ ఓడేదేనని చాలామంది చరిత్రకారుల మాట. కావచ్చు. కాని తాము ఓడారా, ఎవరైనా ఓడించారా అన్న శంక ఆ పార్టీవాళ్ళని ఏళ్ళ తరబడి తొలిచేసింది. 1999లో విదేశాంగశాఖ చరిత్రకారిణి జిల్ బెన్నెట్ పాత కాగితాలన్నీ తిరగేసి, అది దాదాపు నిశ్చయంగా దొంగ ఉత్తరమేనన్నారు. 75 ఏళ్ళకి! అప్పటికి మెక్‌డొనాల్డూ లేడు, జినోవియెవూ లేడు.

ఇప్పుడు ఉత్తరాల స్థానంలో గొంతులొచ్చాయి. 2023 సెప్టెంబరు 30న స్లొవేకియాలో ఎన్నికలు. సరిగ్గా రెండు రోజుల ముందు ఫేస్‌బుక్‌లో ఒక సంభాషణ గుప్పుమంది. ప్రోగ్రెసివ్ స్లొవేకియా నాయకుడు షిమెచ్కా ఓ పాత్రికేయురాలితో ఓట్లు కొనడం గురించి మంతనాలాడుతున్నాడు! అవి యంత్రం చేత పలికించిన గొంతులని నిపుణులన్నారు. ఇద్దరూ వెంటనే ఖండించారు. కాని పోలింగుకు ముందు 48 గంటలూ అభ్యర్థులూ, పత్రికలూ మౌనం పాటించాలని అక్కడి నియమం. ఓటరు ప్రశాంతంగా ఆలోచించుకోవాలని పెట్టిన గడువది. దొంగకి అదే అమావాస్య అయింది. షిమెచ్కా పార్టీ రెండో స్థానంలో ఆగిపోయింది. ఆ గొంతు వల్లేనా అంటే, అక్కడా అదే చిక్కు.

పాపం, ఆ పాత్రికేయురాలు అసలు పోటీలోనే లేదు. అయినా తన గొంతు తనది కాదని ఊరందరికీ చెప్పుకోవలసి వచ్చింది.