డెక్‌కు కట్టిన గుడ్డ

చెక్క పడవకు ఉప్పునీటి కన్నా వాననీరే ఎక్కువ చేటు. చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు ఉప్పు గిట్టదు. డెక్ పలకల సందుల్లో దిగి నిలిచిపోయిన మంచినీరు వాటికి పండగే.

స్తోమత ఉన్నవాళ్లు టేకు డెక్ వేయించుకునేవారు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో అమెరికాలో పైన్, సీడర్ పలకలతో సరిపెట్టుకున్నవాళ్లకు దిక్కు కాన్వాసే. పలకలను చిత్రిక పట్టి, సందులకు లప్పం పెట్టి, సీసపు సఫేదాను అవిసె నూనెలో కలిపి చిక్కగా పూసేవారు. ఆ తడి ఆరకముందే నూలు కాన్వాసు పరచి, బిగలాగి, అంచులకు రాగి మేకులు కొట్టి, వాటి మీద చెక్క పట్టీ బిగించేవారు. పైన పూసే రంగు పలచగా ఉండాలి. నేత గరుకు తేలితేనే తడి డెక్ మీద కాలు నిలుస్తుంది. ఏటేటా రంగు మీద రంగు దట్టించిన డెక్ పెచ్చుకట్టి పగిలేది. అప్పుడు గుడ్డ పీకేసి కొత్తది వేయడమే. పాత రైలుపెట్టెల పైకప్పులకూ ఇదే వైద్యం జరిగేది.

గాజునార రాకతో ఈ శ్రమ తీరిందనుకున్నారు. 1942లో ఒహాయోలో రే గ్రీన్ గాజునార, పాలియెస్టర్ రెజిన్‌లతో పడవ కట్టాడు. యుద్ధం ముగిశాక అదే సరుకు పాత చెక్క డెక్‌ల మీదికెక్కింది. ప్లైవుడ్ మీద కొంత నయం. విడి పలకల మీద మాత్రం పని బెడిసికొట్టింది. పలక వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. బిరుసైన గాజు పొర దానితో కదలదు. పైగా పాలియెస్టర్‌కు చెక్కతో పొత్తు అంతంతమాత్రమే. అంచు లేచిన చోట దూరిన నీటికి బయటికి దారి ఉండదు. పైన నిగనిగ, కింద పొడిపొడి! చిరిగిన కాన్వాసు కనీసం కంటికి కనబడేది.

చెక్కను గట్టిగా పట్టుకునే రెజిన్ ఎపాక్సీ. మిషిగన్‌లోని బే సిటీలో మంచు మీద జారే పడవలు చేసే గూజన్ సోదరులు 1969లో సంస్థ పెట్టి, చెక్కను అన్ని వైపులా ఎపాక్సీతో మూసేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. 1970లో వాళ్లు కట్టిన 35 అడుగుల మూడు దోనెల పడవ (ట్రైమరాన్) ‘అడాజియో’ ఆ పద్ధతికి తొలి నిదర్శనాల్లో ఒకటి.

గాజునారకు పోటీగా డైనెల్ అనే కృత్రిమ గుడ్డ కూడా వచ్చింది. అది రెజిన్‌ను బాగా తాగుతుంది, అంటే ఖర్చెక్కువ. అయినా మూలల్లో చక్కగా ఒదుగుతుంది, ఆరాక అచ్చం రంగేసిన కాన్వాసులా కనిపిస్తుంది. పాత పడవలను బాగుచేసేవారిలో కొందరు దానికి మొగ్గేది ఆ పోలిక కోసమే. విడి పలకల డెక్ అయితే అసలు కాన్వాసునే మళ్లీ పరిచేవాళ్లూ ఉన్నారు.